పదికి ఎంత?

“ఇక నాకివ్వు” అని తను నాలుగోసారి అడిగినప్పుడు కూడా నేను తల అడ్డంగా ఊపాను. నా చేతుల్లో నాలుగు కిలోల బంతి ఉంది. దాన్ని గుండెకి ఆనించి పట్టుకుని, తుంటి మోకాలికన్నా కిందికి దిగేదాకా కూర్చుని, లేచే ఊపులోనే దాదాపు తొమ్మిదడుగుల ఎత్తున ఉన్న గుర్తుకి తగిలేటట్టు విసరాలి. తిరిగొచ్చిన బంతిని పట్టుకుని మళ్లీ కూర్చోవాలి. మొత్తం వందసార్లు. మేమిద్దరం జంటగా దిగాం కాబట్టి ఆ వందనీ మాకెలా కావాలంటే అలా పంచుకోవచ్చు. పదేసి చొప్పున మార్చుకుందామని ముందే అనుకున్నాం. ముప్పై దాటాక కూడా నేను బంతి వదల్లేదు. మూడో కిలోమీటరు దగ్గర ఎడమ తుంటిలో మొదలైన మంట అప్పటికి మోకాలి దాకా పాకింది. తను నా వెనక చేతులు చాచి నిలబడే ఉంది.

పోటీ అయిపోయాక ఇద్దరం నేలమీద కూలబడి నీళ్లు తాగుతున్నప్పుడు తను అడిగింది. కోపంతో కాదు, నిజంగానే అర్థంకాక: “మరి నన్నెందుకు తీసుకొచ్చావే?”

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ముంబై నుంచి తిరిగొచ్చాక చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. క్రీడల గురించి రాసే అర్హత నాకు లేదు. నేను చదువుకున్నది సాహిత్యం. కానీ అది క్రీడ గురించిన ప్రశ్న కాదని, నేను పెరిగిన తీరు గురించిన ప్రశ్న అని తోచడం మొదలయ్యాక రాయకుండా ఉండలేకపోయాను.

ఈ పోటీ సంగతి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. పరుగునీ బరువుల పనినీ కలిపిన పోటీల్ని హైబ్రిడ్ ఫిట్‌నెస్ రేసులు అంటున్నారు. వాటిలో బాగా పేరు వచ్చింది హైరాక్స్. క్రిస్టియన్ టోట్స్కె, ఒలింపిక్ హాకీలో బంగారు పతకాలు గెలిచిన మోరిట్జ్ ఫ్యూర్స్టె కలిసి జర్మనీలో దీన్ని మొదలుపెట్టారు. మొదటి పోటీ 2018లో హాంబుర్గ్‌లో జరిగింది. మన దేశంలో మొదటిది 2025 మే నెలలో ముంబైలో జరిగింది. ఏ దేశంలోనైనా పోటీ రూపం ఒక్కటే. ఒక కిలోమీటరు పరుగు, ఒక పని, మళ్లీ కిలోమీటరు పరుగు, మళ్లీ ఇంకో పని, ఇలా ఎనిమిది సార్లు. మంచుమీద కర్రలతో తోసుకుంటూ పోయే కదలికని అనుకరించే యంత్రం మీద 1000 మీటర్లు. బరువులు వేసిన ఇనప స్లెడ్‌ని 50 మీటర్లు తోయడం, తర్వాత అలాంటిదాన్నే తాడుతో 50 మీటర్లు లాగడం. బోర్లా పడి లేచి ముందుకి గెంతుతూ 80 మీటర్లు. తెడ్డు వేసే యంత్రం మీద 1000 మీటర్లు. రెండు చేతుల్లో రెండు ఇనప గుండ్లతో 200 మీటర్ల నడక. భుజాల మీద ఇసక సంచితో, ఒక్కో అడుగుకీ మోకాలు నేలకి తాకిస్తూ 100 మీటర్లు. చివరికి ఈ బంతి. ఓపెన్ విభాగంలో స్త్రీలు తోసే స్లెడ్ 102 కిలోలు, పురుషులు తోసేది 152. స్త్రీల ప్రొ విభాగంలో కూడా 152 కిలోలే. అంటే పోటీకే అంకితమైన స్త్రీ బరువూ, సరదాకి వచ్చిన పురుషుడి బరువూ ఒకటే. దీని మీద మరో వ్యాసం రాయొచ్చు.

చూడటానికి ఇది బలం చూపించే పోటీలా ఉంటుంది. లోపలికి దిగాక అలా అనిపించదు. కండలు తిరిగిన మనుషులు స్లెడ్ దగ్గర అందరినీ దాటేసి, ఆ వెంటనే వచ్చే కిలోమీటరులో నడుం మీద చేతులు పెట్టుకుని నడవడం కళ్లారా చూశాను. మొత్తం సమయంలో సగానికి పైగా పరుగుకే పోతుంది. అదీ తాజా కాళ్లతో చేసే పరుగు కాదు. స్లెడ్ తోసి బిగుసుకుపోయిన తొడలతో, ఊపిరి కుదుటపడకముందే చేసే పరుగు. కాబట్టి ఎవరు ఎంత బరువు తోయగలరన్నదానికన్నా, తోశాక ఎంత మిగుల్చుకున్నారన్నది ముఖ్యం. ఈ రేసులో ఓర్పు అంటే లెక్క. ఒంట్లో ఉన్నదెంత, ఇప్పుడు ఖర్చవుతున్నదెంత, ఇంకా ఎన్ని కిలోమీటర్లున్నాయి అని అడుగడుక్కీ తేల్చుకుంటూ పోవడం.

ఆ లెక్కకి వాళ్లు వాడే కొలబద్ద చాలా మామూలుది. గున్నార్ బోర్గ్ అనే స్వీడిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో దీన్ని తయారుచేశాడు. శ్రమ ఎంత అనిపిస్తోందో ఆ శ్రమ చేస్తున్న మనిషినే అడగడం. అంతే. ఆయన అంకెలు 6 నుంచి 20 దాకా ఉండేవి. పక్కన సున్నా చేరిస్తే ఇంచుమించు నిమిషానికి గుండె కొట్టుకునే వేగం అవుతుందని అలా పెట్టాడు. ఇప్పుడు వ్యాయామశాలల్లో తేలికగా ఉండాలని పదికి అడుగుతున్నారు. మాకు నేర్పే అమ్మాయికి ఇరవై ఆరేళ్లుంటాయి. ప్రతి రౌండు తర్వాతా “పదికి ఎంత మేడమ్?” అనేది. నాలుగు నెలలపాటు నేను ఏం చేసినా “ఐదు” అన్నాను. ఒకరోజు బాత్‌రూమ్‌లోకి వెళ్లి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చి “ఆరు” అన్నాను. ఆ అమ్మాయి పుస్తకం మూసేసింది. “మీరు చెప్పే అంకెని బట్టే కదా మేడమ్ రేపటి పని రాస్తాను. మీరు అబద్ధం చెబితే నేనేం రాయను?” అంది.

అబద్ధం అనే మాట గుచ్చుకుంది. అప్పటిదాకా నేను దాన్ని ఓర్పు అనుకున్నాను.

తెలుగులో ఓపిక అనే మాట చిత్రమైనది. “నాకు ఓపిక లేదు” అంటే ఒంట్లో శక్తి లేదని. “కాస్త ఓపిక పట్టు” అంటే సహించమని. ఒకే మాటలో శక్తీ ఉంది, సహనమూ ఉంది. మొదటిది శరీరానికి సంబంధించిన నిజం. తిండీ నిద్రా ఉంటే పెరుగుతుంది, లేకపోతే తరుగుతుంది, ఒక హద్దు దాటాక అయిపోతుంది. రెండోదానికి హద్దు లేదు, ఎంత అడిగితే అంత ఉండాలి. స్త్రీల విషయంలో మొదటి అర్థాన్ని మెల్లగా పక్కకి నెట్టి, రెండో అర్థాన్నే గుణం కింద, అలంకారం కింద నిలబెట్టారు. అందుకే ఇంట్లో మగవాడు “ఓపిక లేదు” అంటే మంచం వాలుస్తారు, కోడలు అంటే మొహం చూస్తారు. ఆమె మాట ఒంటి గురించిన సమాచారంగా వినపడదు, ఆమె నడత మీద ఆమే చేసుకున్న ఫిర్యాదులా వినపడుతుంది. ఓర్పు సంగతి ఇంకా విచిత్రం. ఓర్వలేనితనం అంటే నొప్పిని తట్టుకోలేకపోవడం కాదు మన భాషలో, అసూయ. ఓర్చుకోలేని మనిషి బలహీనురాలే కాదు, చెడ్డది కూడా.

క్షమలో భూమిలాంటిదని ఇల్లాలిని పొగిడే శ్లోకం నుంచి పెళ్లిచూపుల్లో “మా అమ్మాయికి ఓర్పెక్కువండీ” అనే మాట దాకా ఇదంతా మనం ఎన్నోసార్లు రాసుకున్నదే, చర్చించుకున్నదే. నాకు కొత్తగా అనిపించింది మరొకటి. మనకి ఓర్పే ఆభరణమని ఇక్కడ చెబుతున్న కాలంలోనే, అవతల యూరప్ అమెరికాల్లో స్త్రీలకి ఓర్పే లేదని తీర్మానం చేశారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకి మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. ఫైనల్లో తొమ్మిదిమంది పరిగెత్తారు, తొమ్మిదిమందీ పూర్తిచేశారు. పత్రికలు మాత్రం మధ్యలో ఆగిపోయినవాళ్ల గురించి, కూలిపోయిన ఆడవాళ్ల గురించి రాశాయి. గీత దాటాక మగవాళ్లు గడ్డిమీద వెల్లకిలా పడితే అది శ్రమ, ఆడవాళ్లు పడితే అశక్తత. ఆ పరుగుని తీసేశారు. 1960 రోమ్ దాకా ఒలింపిక్స్‌లో స్త్రీలకి 200 మీటర్లకి మించిన పరుగు లేదు. 1967 బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ పరిగెడుతుంటే నిర్వాహకుడొకడు వెంటపడి ఆమె ఒంటిమీది నంబరు లాగెయ్యబోయాడు. ఆ పోటీలోకి స్త్రీలని అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ కోసం 1984 దాకా ఆగాల్సి వచ్చింది.

అక్కడ, మీరు తట్టుకోలేరు అన్నారు. ఇక్కడ, మీరు కాక ఇంకెవరు తట్టుకుంటారు అన్నారు. పైకి ఒకదానికొకటి విరుద్ధం. కానీ రెండుచోట్లా ఎవరూ ఆ స్త్రీని “పదికి ఎంత?” అని అడగలేదు. ఆమె దేహంలో ఏం జరుగుతోందో ఆమెకన్నా బయటివాళ్లకే బాగా తెలుసన్న ధీమా ఒకటే.

1984 లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆ మొదటి ఒలింపిక్ మారథాన్‌ని జోన్ బెనోయిట్ గెలిచింది. అయితే చాలామందికి గుర్తున్నది మాత్రం 37వ స్థానంలో వచ్చిన స్విట్జర్లాండ్ పరుగుమనిషి గాబ్రియెలా ఆండర్సన్ షీస్. ఎండదెబ్బకి ఒళ్లు ఒకపక్కకి వంగిపోయి, స్టేడియంలో ఆఖరి చుట్టు తూలుతూ, ఆగుతూ, ఐదు నిమిషాలకి పైగా నడిచింది. వైద్యులు దగ్గరికొస్తే పక్కకి తప్పుకుంది. వాళ్లు చెయ్యి వేస్తే పోటీ నుంచి తొలగిస్తారు. ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూసినా నాకు రెండు భావాలు ఒకేసారి కలుగుతాయి. ఒకటి, 1928లో రాసినవాళ్లకి జవాబులాంటి గర్వం. రెండోది చెప్పడానికి ఇష్టంలేని గుర్తింపు. చెయ్యి పడితే ఓడిపోయినట్టే అనే నియమం నాకు బాగా తెలుసు. నేను పెరిగిన ఇంట్లో అది ఉండేది.

మా అమ్మ ప్రాథమిక పాఠశాల టీచరు. ముప్పైమూడేళ్ల వయసు నుంచి నెలకి పదిహేను రోజులు రక్తస్రావంతో బాధపడింది. బడికి ముదురు రంగు చీరలే కట్టుకునేది, ఎందుకో మాకు తెలియదు. అవే ఆమెకి ఇష్టం కాబోలు అనుకునేవాళ్లం. ముప్పైతొమ్మిదో ఏట తరగతి గదిలో పడిపోయాక ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఎన్నాళ్ల నుంచి అని డాక్టరమ్మ అడిగితే “ఈమధ్యే” అంది. ఆవిడ అదే రాసుకుంది. ఆరేళ్లు ఆ కాగితం మీద “ఈమధ్య” అయిపోయాయి. గర్భసంచి తీసేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉంటున్నాయి. దానికి చాలా కారణాలున్నాయి. అవసరం లేకపోయినా కోసిపారేసే వైద్య వ్యాపారం ఒకటి. కానీ చెప్పకుండా గడిపిన ఏళ్లు కూడా ఒక కారణమని, ఆ వ్యాపారానికి తలుపులు తెరిచేది ఆ మౌనమేనని నా అనుమానం. నొప్పి మొదట్లో చెబితే వైద్యం, చివర్లో చెబితే కోత.

అమ్మకి ఈ విద్య నేర్పింది అమ్మమ్మ. కాపురంలో ఏ కష్టం చెప్పుకున్నా ఆవిడ దగ్గర ఒకటే సామెత ఉండేది: ఓర్చినమ్మకు తేటనీరు. నేను డాక్టరేట్ చేస్తున్న రోజుల్లో, సామెతల్లో స్త్రీల మీద ఎంత విషం ఉందో రాసుకుంటూ, దీన్ని కూడా ఆ జాబితాలో వేసేశాను. ఇప్పుడనిపిస్తోంది, తొందరపడ్డానని. ఆ సామెత పుట్టింది చెలమ దగ్గర. వేసవిలో ఏటి ఇసకలో గుంట తవ్వితే ఊరే నీళ్లు మొదట బురదగా ఉంటాయి. తొందరపడి ముంచినామెకి బురద దొరుకుతుంది. మడ్డి కిందికి దిగేదాకా ఆగినామెకి తేటనీరు దొరుకుతుంది. ఆగేది ఎందుకో, ఎంతసేపో ఆమెకి తెలుసు. నీళ్లని చూస్తూ ఆగుతుంది. అది పనిచేసే ఆడమనిషి తెలివి. రేసులో మొదటి స్లెడ్ దగ్గర అడుగు తగ్గించమని మా కోచ్ చెప్పే తెలివి కూడా ఇలాంటిదే. దాన్ని కాపురానికి వర్తింపజేసినప్పుడు చెలమ పోయింది, నీరు పోయింది, ఎంతసేపు అన్నది పోయింది. ఓర్చినమ్మ ఒక్కతే మిగిలింది.

ప్లేటో ‘లాకీస్’ అనే సంభాషణలో ఈ తేడా దగ్గరే తచ్చాడతాడు. ధైర్యం అంటే ఏమిటని అడిగితే లాకీస్ అనే సైన్యాధిపతి, ఆత్మకుండే ఓర్పు అంటాడు. తెలివిలేని ఓర్పు కూడా గొప్పదేనా అని సోక్రటీస్ అడుగుతాడు. కాదంటాడు లాకీస్. మరి ఈత, మునక రానివాడు బావిలోకి దూకితే, వచ్చినవాడికన్నా వాడే ధైర్యవంతుడని ఎందుకనిపిస్తోంది అని మళ్లీ చిక్కుముడి వేస్తాడు సోక్రటీస్. దాన్ని వాళ్లు విప్పలేకపోతారు. నాకు ఆ చిక్కుముడి మన సంస్కృతి అంతటా కనిపిస్తుంది. ఏమీ తెలియకుండా, ఏ సాయమూ లేకుండా భరించిన స్త్రీనే మనం ఎక్కువ పొగుడుతాం. తెలిసి, లెక్కవేసుకుని, ఇంతవరకే అని చెప్పి భరించిన స్త్రీని గడుసుది అంటాం. అరిస్టాటిల్ ‘నికొమాకియన్ ఎథిక్స్’ ఏడో పుస్తకంలో మరో మాట అంటాడు. తట్టుకోవడం వేరు, గెలవడం వేరు, ఓడిపోకుండా ఉండటం విజయం కాదు కదా అని. ఎంత మంచి మాట అనుకునేలోపే, నొప్పి ముందు మెత్తబడటం గురించి చెబుతూ స్త్రీపురుషుల మధ్య తేడాని ఉదాహరణకి తెస్తాడు. ఆయనకి మెత్తనివాళ్లు స్త్రీలు. ఆయన ఇంట్లో నీళ్లు ఎవరు మోశారో!

మోయడం అంటే గుర్తొచ్చింది. రెండు చేతుల్లో గుండ్లతో నడిచే పనికి ఈ పోటీలో ‘ఫార్మర్స్ క్యారీ’ అని పేరు. రైతు మోత అనుకోవచ్చు. స్త్రీలకి ఒక్కో చేతికి 16 కిలోలు. ట్యాంకరు దగ్గర్నుంచి రెండు చేతుల్లో రెండు నిండు బకెట్లతో మూడో అంతస్తుకి ఎక్కే స్త్రీలకి ఎవరూ నంబరు కాగితాలు అంటించరు. మా వ్యాయామశాలలో నేల తుడిచే ఆమె రోజూ పొద్దున ఆ 16 కిలోల గుండ్లని చేతికొకటి చొప్పున ఎత్తి పక్కకి పెట్టి, కింద తడిగుడ్డ పెట్టి, మళ్లీ యథాస్థానంలో పెడుతుంది. ఎన్ని జతలో, ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టరు. ఆమె ముందు నిలబడి నేను గడియారం చూసుకుంటూ అవే గుండ్లు మోస్తాను, దానికి డబ్బు కడతాను. పోటీకి కట్టిన రుసుము ఎంతో ఆమెకి చెప్పే ధైర్యం నాకు లేదు. శ్రమ అవసరం లేని వర్గం శ్రమని వినోదంగా కొనుక్కుంటోందన్న విమర్శ నా మీద సూటిగా తగులుతుంది, తప్పించుకోలేను. తిరగలి, రోలు, బిందె వదిలించుకోవడానికి మన ముందుతరం పడిన తపనకి ఇది వెక్కిరింతలా కూడా ఉంటుంది. అయినా ఒక మాట. ఆమె మోతకీ నా మోతకీ మధ్య ఉన్న తేడా డబ్బొక్కటే కాదు. నా మోతకి 200 మీటర్లు అని హద్దుంది. ఆ హద్దు ముందే రాసి ఉంది, ప్రపంచంలో అందరికీ అదే. మధ్యలో ఎన్నిసార్లయినా కింద పెట్టి ఊపిరి తీసుకోవచ్చు. వద్దనుకుంటే బయటికి నడిచిపోవచ్చు, దానికి జరిమానా లేదు. ఈ మూడూ ఆమె మోతకి ఎవరిస్తారు అన్నదే అసలు రాజకీయ ప్రశ్న.

2000 సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ స్త్రీ అయింది. అప్పట్లో అందరం ఎత్తడమే చూశాం. ఇప్పుడు ఆ పాత వీడియోల్లో నేను చూసేది దించడం. బరువు తలపైన నిలిచాక, ఇక దించమని న్యాయనిర్ణేతల నుంచి సంకేతం వస్తుంది. అప్పుడు వదిలేస్తుంది. దించే హక్కు కూడా ఆ ఆటలో భాగం.

ఓర్చుకున్న స్త్రీల్ని పొగిడే పద్ధతి ఇప్పుడు కొత్త రూపం తీసుకుంది. 2019లో బ్రిటన్‌లో 268 మైళ్ల స్పైన్ రేస్‌ని జాస్మిన్ పారిస్ 83 గంటల 12 నిమిషాల్లో పూర్తిచేసి, మగవాళ్లందరికన్నా ముందు వచ్చింది. మధ్యలో ఆగినచోట్ల తన పాపకోసం పాలు తీసింది. ఆ వార్త చదివి నేనూ పొంగిపోయాను. తర్వాత గమనించాను, మావాళ్లు పంచుకున్నదంతా పాల గురించే, పరుగు గురించి కాదు. రేసు గెలిచినా సరే, తల్లిగా ఏదీ వదలకపోతేనే మెప్పు. పి. సత్యవతిగారు ఎన్నో ఏళ్ల క్రితమే ‘సూపర్ మామ్ సిండ్రోమ్’ అని కథకి పేరుపెట్టారు. ఈ హైబ్రిడ్ పోటీల ప్రచారంలో కనిపించే “అన్నీ చెయ్యగల” మనిషి ఆ సిండ్రోమ్‌కి జెర్సీ తొడిగినట్టే ఉంటుంది. బలమూ కావాలి, ఓర్పూ కావాలి, ఉద్యోగమూ ఇల్లూ సరే, పొద్దున ఐదింటికి స్లెడ్డూ తొయ్యాలి.

మరెందుకు వెళుతున్నావు అని అడగొచ్చు. స్త్రీకీ శరీరం ఉందని, దానికి వ్యాయామం కావాలని చలం ఎప్పుడో రాశాడు కాబట్టి అని నవ్వుతూ తప్పించుకోవచ్చు. నిజం చెప్పాలంటే, నాకు ఇది బాగా వచ్చు కాబట్టి వెళుతున్నాను. మొదటి నెలలోనే నన్ను మెచ్చుకున్నారు. నొప్పి వచ్చినా మొహంలో కనిపించనివ్వదు, ఆగదు, అడగదు అన్నారు. నాకు ప్రతిభ ఉందనుకున్నాను. అది ప్రతిభ కాదు, మూడు తరాల శిక్షణ. పితృస్వామ్యం వంటపట్టించిన దాన్ని క్రీడా స్ఫూర్తి అని పేరు మార్చి ఇంకో చోట ఖర్చుపెడుతున్నాను. ఏ అలవాటు మా అమ్మని తరగతి గదిలో పడేసిందో అదే నాకు ముంబైలో పతకం వేసింది.

అయితే ఇక్కడే ఈ పోటీ నా అంచనాని ఎదురుతిరిగి కొట్టింది. ఆ అలవాటు ఇందులో పనికిరాదు. ముప్పై బంతులు వరసగా విసిరాక నా వేగం సగానికి పడిపోయింది. పదేసి మార్చుకుని ఉంటే ఎన్నో నిమిషాలు ముందే అయిపోయేది. తుంటి నొప్పి సంగతి మూడో కిలోమీటరులో చెప్పి ఉంటే తను స్లెడ్‌లో ఎక్కువ భాగం తీసుకునేది, నేను తెడ్డు యంత్రం దగ్గర సర్దేదాన్ని. జంట విభాగంలో పరుగు ఇద్దరూ కలిసే పరిగెత్తాలి, పని మాత్రం ఎంతెంత ఎవరన్నది వాళ్ల ఇష్టం. అలా పంచుకోవాలంటే ఒక్కటే షరతు, ఎవరి ఒంట్లో ఏముందో వాళ్లు నిజం చెప్పాలి. ఓర్పు మొదలయ్యేది ఆ నిజం దగ్గర. మాకు నేర్పిన ఓర్పు దాన్ని దాచడంతో మొదలవుతుంది. రెంటినీ ఒకే మాటతో పిలుస్తున్నాం కాబట్టి ఒకటే అనుకుంటున్నాం.

ఇంకో విషయం ఆలస్యంగా తట్టింది. నేను బంతి విసురుతున్నంతసేపూ తను ఖాళీ చేతులు చాచి నిలబడింది. ఆ నిలబడటం ఎంత కష్టమో నాకు తెలియాలి కదా! అమ్మ వంటింట్లో ఒక్కతే అన్నీ చేసుకుంటూ “ఏం లేదులే, నువ్వు చదువుకో” అంటుంటే గుమ్మంలో అలాగే నిలబడేదాన్ని. చదువుకొమ్మని ఆమె ఇచ్చింది వరమే, కాదనను. కానీ ఆమె నొప్పిలో నాకు చోటివ్వలేదు. ఒంటరిగా ఓర్చుకునే మనిషి త్యాగం చేస్తున్నట్టు ఉంటుంది గానీ, ఎదుటిమనిషి చేతులు కట్టేస్తుంది కూడా.

వోల్గా గారి ‘విముక్త’లో ఊర్మిళ గుర్తొస్తుంది. మన ఆడవాళ్ల పాటల్లో ఆమె పద్నాలుగేళ్లు నిద్రపోయింది. వోల్గా ఊర్మిళ తలుపు వేసుకుని తనని తాను ప్రశ్నించుకుంటూ గడుపుతుంది. అవే పద్నాలుగేళ్లు, అదే గది. బయటినుంచి చూసినవాళ్లకి రెండూ ఓర్పే. లోపల జరిగిందేమిటో ఆమె నోరు విప్పి సీతకి చెబితేనే తెలిసింది.

ముంబై నుంచి వచ్చాక మళ్లీ సాధన మొదలుపెట్టాం. పది కాగానే బంతి ఇచ్చెయ్యాలని నియమం. మొదటివారం ఇవ్వలేకపోయాను. పదకొండోది విసిరేశాకే గుర్తొచ్చేది. ఇచ్చాక చేతులు ఖాళీగా ఉంటే ఏదో తప్పు చేసినట్టు, ఎవరో చూస్తున్నట్టు ఉండేది. తను విసురుతుంటే లెక్కపెట్టడం నా పని. అది కూడా పనేనని ఒప్పుకోడానికి చాలా రోజులు పట్టింది. “పదికి ఎంత?” అని ఇప్పుడు కోచ్ అడిగితే ఒక్క క్షణం ఆగుతున్నాను. ఆ క్షణంలో నోటిదాకా ముందు “ఐదు” వస్తుంది. దాన్ని మింగి లోపల వెతుక్కోవాలి. మొన్న “ఎనిమిదిన్నర” అన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, రాసుకుంది.

పోయిన ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను. మోకాళ్లెలా ఉన్నాయమ్మా అంటే “ఏదో, ఉన్నాయిలే” అంది.

“పదికి ఎంత?”

“అదేం లెక్కే?”

“సున్నా అంటే అసలు నొప్పే లేనట్టు. పదంటే అడుగు తియ్యలేనంత. ఎంతో చెప్పు.”

కాసేపు మాట్లాడలేదు. వెనక కుక్కరు కూత వినపడింది. పెట్టేస్తుందేమో అనుకున్నాను.

“మామూలుగానా, మెట్లు దిగేటప్పుడా?” అంది.

“రెండూ చెప్పు.”

“మామూలుగా నాలుగు.” మళ్లీ ఆగింది. “మెట్లు దిగేటప్పుడు ఎనిమిది.” వెంటనే గొంతు తగ్గించి, “మీ నాన్నకి చెప్పకు” అంది.